నెత్తుటి ధారను ఆపిన వైద్యుడు
అబుల్ ఖాసిం జహ్రావీ (రహ్మలై) జీవితం

ఇస్లామీయ చరిత్రలోని సేనానుల పేర్లు, సుల్తానుల పేర్లు మన పిల్లలు గడగడా చెబుతారు. కాని అదే చరిత్రలో కత్తి పట్టి మనిషి ప్రాణం నిలబెట్టినవారు కూడా ఉన్నారు. వారిలో అగ్రగణ్యుడు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్ను అబ్బాస్ అజ్జహ్రావీ. ఐరోపావాసులు ఆయన్ను అల్బుకాసిస్ అని పిలిచారు. వెయ్యేళ్ళ క్రితం స్పెయిన్ గడ్డ మీద జీవించిన ఈ మహనీయుడు శస్త్రచికిత్సకు ఒక శాస్త్రంగా గౌరవం తెచ్చాడు. తెగిన రక్తనాళం నుండి పారే నెత్తురును ఎలా ఆపాలి, కట్టు ఎక్కడ కట్టాలి, ఎంత బిగించాలి, ఎప్పుడు విప్పాలి అన్న విషయాలపై ఆయన ఎంతో శ్రద్ధ పెట్టాడు.

ఈ జీవిత కథ మన ఇళ్ళకు చాలా దగ్గరిది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాళ్ళ గనులున్నాయి, రాళ్ళు కోసే యంత్రాలున్నాయి. పులివెందుల పల్లెల్లో ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు, గడ్డి కత్తిరించే యంత్రాలు ఉన్నాయి. ప్రొద్దుటూరులో బక్రీద్ నాడు ప్రతి వీధిలోనూ ఖుర్బానీ కత్తులు ఆడుతుంటాయి. రోడ్డు ప్రమాదాల సంగతి చెప్పనక్కరలేదు. నాటుబాంబులు, వేటకొడవళ్ళతో ఫ్యాక్షన్ కక్షలు తెగబడిన దశాబ్దాలను కూడా ఈ సీమ చూసింది. తొడ దగ్గర గాని, భుజం దగ్గర గాని పెద్ద ధమని తెగితే మనిషి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం కోల్పోవచ్చు. ఆసుపత్రి ఎంత దగ్గరున్నా ఆ కొద్ది నిమిషాలు పక్కనున్నవారి చేతిలోనే ఉంటాయి.

జననం, కాలం

జహ్రావీ సుమారు క్రీ.శ. 936లో ఖుర్తుబా (కార్డోవా) నగరానికి సమీపాన ఉన్న మదీనతుజ్జహ్రాలో జన్మించారు. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ ఆ రాజనగర నిర్మాణానికి పునాది వేసింది కూడా ఆ రోజుల్లోనే. ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరు అయింది. ఆయన పేరు చివర అల్ అన్సారీ అని కూడా రాస్తారు. మదీనాలో దైవప్రవక్త (సఅసం)కు ఆశ్రయమిచ్చిన అన్సార్ల సంతతి అని దాని అర్థం.

అప్పటి ఖుర్తుబా ఐరోపాలోకెల్లా గొప్ప నగరం. మస్జిదులు, గ్రంథాలయాలు, స్నానశాలలు, ఔషధశాలలతో కళకళలాడేది. అబ్దుర్రహ్మాన్ కుమారుడు రెండవ హకమ్ 961 నుండి 976 వరకు పాలించాడు. పుస్తకాలంటే ఆయనకు ప్రాణం. అలాంటి వాతావరణంలో జహ్రావీ చదువుకుని వైద్యుడయ్యారు.

ఆయన కుటుంబ జీవితం గురించి చరిత్రకారులు రాసింది బహుస్వల్పం. ఖుర్తుబాకే చెందిన సుప్రసిద్ధ పండితుడు ఇబ్ను హజ్మ్ ఆయన్ను అందలుస్ గొప్ప వైద్యుల జాబితాలో చేర్చాడు. తరువాతి తరంలో హుమైదీ ఆయన గురించి కొన్ని మాటలు రాశాడు. మిగిలినదంతా ఆయన గ్రంథం నుండి మనం గ్రహించవలసిందే. ఆ గ్రంథమే ఆయన నిజమైన జీవిత చరిత్ర.

రక్తస్రావం - మనకు తెలిసిన గాథలు

గాయం నుండి కారే నెత్తురును ఆపడం ముస్లిం సమాజానికి మొదటి తరం నుండీ ఎదురైన సమస్యే. హిజ్రీ 3వ ఏట ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (సఅసం) ముఖానికి గాయమై రక్తం ఆగలేదు. హజ్రత్ అలీ (రజి) నీళ్ళు పోస్తుంటే హజ్రత్ ఫాతిమా (రజి) గాయం కడిగారు. నీళ్ళతో రక్తం ఇంకా ఎక్కువవుతోందని గమనించి, చాప ముక్కను కాల్చి, ఆ బూడిదను గాయానికి అద్దారు. అప్పుడు రక్తం ఆగింది. హిజ్రీ 5వ ఏట కందక యుద్ధంలో అన్సార్ల నాయకుడు హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి రక్తనాళానికి బాణం తగిలింది. గాయాన్ని కాల్చి రక్తం ఆపారు. కొద్ది రోజుల తరువాత గాయం తిరిగి తెరుచుకుని ఆయన అమరులయ్యారు.

ఈ రెండు సంఘటనల్లోనూ ఒక పాఠముంది. చిన్న నాళాల రక్తం అద్దితే, నొక్కితే ఆగుతుంది. పెద్ద నాళం తెగితే అది వేరే లెక్క. మూడు వందల యాభై ఏళ్ళ తరువాత జహ్రావీ కృషి చేసింది సరిగ్గా ఈ రెండవ విషయంలోనే.

యాభై ఏళ్ళ అనుభవం - ముప్పై భాగాల గ్రంథం

దాదాపు యాభై ఏళ్ళు వైద్యం చేసిన తరువాత, సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో ఆయన తన గ్రంథం అత్తస్రీఫ్‌ను పూర్తి చేశారు. ఇందులో ముప్పై భాగాలున్నాయి. రోగాలు, మందులు, పథ్యాలు అన్నీ అందులో ఉన్నాయి. కాని ఆయన పేరును చిరస్థాయిగా నిలిపింది చివరిదైన ముప్పయ్యవ భాగం. అది పూర్తిగా శస్త్రచికిత్సకు సంబంధించినది. మొదట వాతలు పెట్టే పద్ధతి, తరువాత కోతలు, కుట్లు, గాయాలు, చివర విరిగిన ఎముకలు, తప్పిన కీళ్ళు. సుమారు రెండు వందల పరికరాల బొమ్మలను అందులో గీసి చూపారు. కత్తులు, రంపాలు, పటకారులు, సూదులు, కాల్చే ఇనుప కడ్డీలు ఏవి ఏ ఆకారంలో ఉండాలో బొమ్మలతో వివరించారు. గొర్రె పేగుతో చేసిన దారాన్ని కుట్లకు వాడవచ్చని కూడా రాశారు.

తన శిష్యులను ఆయన కన్నబిడ్డలుగా సంబోధించారు. శరీర నిర్మాణం తెలియకుండా కత్తి పట్టరాదని వారికి గట్టిగా చెప్పారు. డబ్బాశతో గాని, పేరు కోసం గాని ప్రమాదకరమైన రోగిపై చేయి వేయరాదని హెచ్చరించారు. ఈ హెచ్చరిక ఊరికే చేయలేదు. కళ్ళారా చూసిన మరణాలను శస్త్రచికిత్స భాగం ఆరంభంలోనే రాసిపెట్టారు. వాటిలో రెండు మన విషయానికి ప్రాణం లాంటివి.

రెండు మరణాలు

మొదటిది ఒక స్త్రీ మరణం. ఆమె మెడ మీద గడ్డలు లేచాయి. తెలిసీ తెలియని వైద్యుడొకడు వాటిని కోశాడు. మెడలో ఏ నాళం ఎక్కడుందో అతనికి తెలియదు. కత్తి ధమనులకు తగిలింది. రక్తం ధారగా కారి ఆమె అతని ఎదుటే కుప్పకూలి చనిపోయింది. అక్కడ లోపించింది నెత్తురు ఎక్కడి నుండి వస్తుందన్న జ్ఞానం.

రెండవది ఒక సేవకుడి మరణం. అతని కాలు చీలమండ దగ్గర విరిగింది. విరిగినచోట గాయం కూడా ఉంది. ఒక పెద్దమనిషి కొలువులో జీతం తీసుకుంటున్న వైద్యుడు వచ్చి, ఆ గాయం మీదనే మెత్తలు, బద్దలు పెట్టి గట్టిగా బిగించి కట్టాడు. గాయానికి ఊపిరాడే దారి కూడా వదల్లేదు. కొన్ని రోజులు కట్టు విప్పకూడదని చెప్పి వెళ్ళిపోయాడు. కాలు, పాదం వాచిపోయాయి. ప్రాణం మీదికి వచ్చాక జహ్రావీని పిలిపించారు. ఆయన వెంటనే కట్టు విప్పించారు. రోగికి నొప్పి తగ్గి ప్రాణం లేచివచ్చినట్లయింది. కాని అప్పటికే కాలు కుళ్ళడం మొదలైంది. ఆ కుళ్ళు పైకి పాకుతూనే పోయి అతని ప్రాణం తీసింది.

ఒకరు నెత్తురు ఆగక చనిపోయారు, మరొకరు నెత్తురు ఆడక చనిపోయారు. రక్తం ఆపే కట్టుకు సంబంధించిన శాస్త్రమంతా ఈ రెండు మరణాల మధ్యనే ఉంది. ప్రాణం కాపాడే బిగింపే సమయం మించితే అవయవాన్ని చంపుతుంది. జహ్రావీ ఈ సంగతిని ఎవరినో నిందించడానికి రాయలేదు. తన తరువాత వచ్చేవారి చేతిలో మరొకరు అలా చనిపోకూడదని రాశారు.

నెత్తురు ఆపే పద్ధతులు

ధమని తెగినప్పుడు ముందుగా వేలితో నాళాన్ని గట్టిగా నొక్కి పట్టాలని జహ్రావీ చెప్పారు. ఆ తరువాత నాలుగు మార్గాలు చూపారు. ఎర్రగా కాల్చిన కడ్డీతో నాళం నోరు మూయడం ఒకటి. నాళం సగమే తెగితే పూర్తిగా తెంపివేయడం మరొకటి. అలా తెంపితే దాని కొసలు లోపలికి ముడుచుకుని మూసుకుంటాయి. దారంతో నాళాన్ని గట్టిగా ముడివేయడం మూడవది. రక్తం గడ్డకట్టించే మందు పొడి వేసి, గుడ్డ మెత్తలు పెట్టి బిగించి కట్టడం నాలుగవది. ఫ్రాన్సుకు చెందిన ఆంబ్రాయిస్ పారే అవయవం తొలగించే శస్త్రచికిత్సలో దారపు ముడిని ప్రచారంలోకి తెచ్చింది 16వ శతాబ్దంలో. అంటే జహ్రావీకి ఐదు వందల ఏళ్ళకు పైగా తరువాత.

కుళ్ళిన కాలును గాని, చేతిని గాని తొలగించవలసి వస్తే ఏం చేయాలో కూడా ఆయన వివరించారు. కోయవలసిన చోటుకు కింద ఒక కట్టు, పైన ఒక కట్టు కట్టాలి. ఒక సహాయకుడు కింది కట్టును కిందికి, మరొకడు పై కట్టును పైకి లాగి పట్టుకోవాలి. వైద్యుడు ఆ రెండు కట్ల మధ్య కండను కోసి, ఎముక కనిపించాక రంపం పెట్టాలి. రంపం పళ్ళు కండకు తగలకుండా చుట్టూ నారగుడ్డ పెట్టాలి. మధ్యలో రక్తం ఉబికితే వెంటనే కాల్చాలి, లేదా మందు పొడి వేయాలి. కండను లాగిపట్టడం ఆ కట్ల ప్రధాన ఉద్దేశం. అవయవం చుట్టూ కట్టు కట్టడం గ్రీకు, రోమన్ వైద్యులకూ తెలుసు. జహ్రావీ పూర్వికుల విద్యను తీసుకుని, తన చేతి అనుభవంతో పరీక్షించి, బొమ్మలతో సహా లోకానికి అందించారు.

ఆయన వినయం చూడండి. ఒక రోగికి పాదం నల్లబడి నిప్పులా మండింది. అతను తానే కీలు దగ్గర పాదాన్ని కోసుకుని బ్రతికాడు. చాలాకాలం తరువాత అదే జబ్బు చేతి వేలికి వచ్చింది. అప్పుడు జహ్రావీ దగ్గరకు వచ్చి చేయి తీసేయమని వేడుకున్నాడు. మందులతో ఆగుతుందన్న ఆశతోనూ, రోగి నీరసాన్ని చూసి కోతకు తట్టుకోలేడన్న భయంతోనూ ఆయన ఒప్పుకోలేదు. ఆ మనిషి నిరాశతో తన ఊరికి వెళ్ళి చేతిని తానే తొలగించుకుని కోలుకున్నాడు. తన అంచనా ఫలించని ఈ సంగతిని జహ్రావీ దాచలేదు, ఇతరులకు మార్గం చూపుతుందని తన గ్రంథంలోనే రాసిపెట్టారు.

ఒక పల్లెలో కొందరు మగవారికి గాయమైతే రక్తం ఆగక చనిపోతారని, ఒక పిల్లవాడి చిగురు రాపిడికి రక్తం మొదలై ఆగలేదని కూడా ఆయన నమోదు చేశారు. నేడు హీమోఫీలియా అని పిలిచే జబ్బుకు ఇది తొలి వర్ణనల్లో ఒకటిగా వైద్య చరిత్రకారులు భావిస్తారు.

కట్టు నుండి టూర్నికెట్ దాకా

పన్నెండవ శతాబ్దంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ టొలేడో నగరంలో ఈ శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. 1497లో వెనిస్‌లో అది అచ్చయింది. శతాబ్దాల పాటు ఐరోపా వైద్యులు దాన్ని చదివారు.

1674లో ఎటియెన్ మొరెల్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు కట్టులో కర్ర దూర్చి మెలితిప్పి బిగించే పద్ధతిని యుద్ధరంగంలో వాడాడు. 1718లో జాన్ లూయీ పెటీ మర తిప్పి బిగించే పరికరం చేశాడు. తిప్పడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుండే టూర్నికెట్ అన్న పేరు వచ్చింది. 1873లో జర్మనీ వైద్యుడు ఎస్మార్క్ రబ్బరు పట్టీని, 1904లో అమెరికా వైద్యుడు హార్వీ కుషింగ్ గాలి నింపే పట్టీని ప్రవేశపెట్టారు.

నేడు మోకాలికి, మోచేతికి, అరచేతికి జరిగే చాలా ఆపరేషన్లలో ఈ గాలి పట్టీనే వాడతారు. ముందు అవయవాన్ని పైకెత్తి గాని, రబ్బరు పట్టీ చుట్టి గాని అందులోని రక్తాన్ని శరీరం వైపు పంపుతారు. తరువాత రోగి రక్తపోటు కన్నా ఎక్కువ ఒత్తిడితో పట్టీలో గాలి నింపుతారు. రక్తం అడ్డురాదు కాబట్టి వైద్యునికి నరాలు, నాళాలు స్పష్టంగా కనిపిస్తాయి. కట్టిన సమయాన్ని రాసి ఉంచుతారు. సాధారణంగా రెండు గంటలు దాటనివ్వరు. దాటితే నరాలు, కండరాలు దెబ్బతింటాయి. జహ్రావీ చూసిన ఆ సేవకుడి కాలు చెప్పిన పాఠమే నేటి ఆపరేషన్ థియేటర్లో గడియారం రూపంలో గోడ మీద ఉంది.

ఒక దశలో ప్రథమ చికిత్సలో ఈ కట్టును వాడవద్దని బోధించారు. కాలు పోతుందన్న భయమే దానికి కారణం. 2000 తరువాత ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల అనుభవంతో వైద్యుల అభిప్రాయం మారింది. సరైన సమయంలో సరిగ్గా కడితే ప్రాణాలు నిలుస్తాయని, త్వరగా ఆసుపత్రికి చేరిస్తే అవయవం పోవడం అరుదని తేలింది.

మన చేతుల్లో ఉన్నది

సోదర సోదరీమణులారా! చదివి వదిలేయకుండా ఈ కొద్ది విషయాలు ఇంటిల్లిపాదికీ నేర్పండి.

ఎవరికైనా రక్తం ధారగా కారుతుంటే ముందుగా 108కు ఫోన్ చేయించండి. ఈ సేవ మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి రెండు చేతులతో బలంగా నొక్కండి. ఆగిందా అని మాటిమాటికి ఎత్తి చూడవద్దు. గుడ్డ తడిస్తే దాని మీదే మరో గుడ్డ పెట్టి నొక్కండి. గాయంలో ఏదైనా గుచ్చుకుని ఉంటే పెరకవద్దు. చాలా గాయాలకు ఇది చాలు.

చేయి గాని, కాలు గాని తెగిపోయినా, గట్టిగా నొక్కినా రక్తం చిమ్ముతూనే ఉన్నా అప్పుడు మాత్రమే బిగింపు కట్టు కట్టాలి. గాయానికి నాలుగు వేళ్ళ పైన, గుండె వైపున కట్టాలి. మోచేతి మీద, మోకాలి మీద కట్టకూడదు. తువ్వాలు, దుపట్టా లాంటి వెడల్పు గుడ్డను రెండు మూడు వేళ్ళ వెడల్పున మడిచి చుట్టి, ముడిలో గట్టి కర్ర ముక్క పెట్టి, రక్తం ఆగేదాకా తిప్పి, కర్ర జారకుండా కట్టేయాలి. తీగ, సన్నని తాడు వాడకూడదు, అవి కండను కోస్తాయి. మెడకు, పొట్టకు, ఛాతీకి ఈ కట్టు పనికిరాదు.

సగం బిగించి వదిలేయడం అన్నింటికన్నా ప్రమాదం. రక్తపరీక్షకు ముందు ల్యాబులో చేతికి రబ్బరు పట్టీ కడతారు కదా. అది రక్తాన్ని గుండెకు తీసుకుపోయే సిరలను మాత్రమే అడ్డుకుంటుంది. లోపలి ధమని పారుతూనే ఉంటుంది, అందుకే నరాలు ఉబ్బుతాయి. గాయానికి అలా వదులుగా కడితే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. సరిగ్గా బిగిస్తే నొప్పి చాలా ఉంటుంది. నొప్పికి జాలిపడి దారిలో విప్పవద్దు. కట్టిన సమయాన్ని రోగి చేతి మీదో, నుదుటి మీదో పెన్నుతో రాయండి. ఆ కట్టును బట్టలతో కప్పవద్దు. విప్పే పని వైద్యునిది.

పాము కాటుకు మాత్రం ఈ కట్టు ఎంతమాత్రం వద్దు. మన పల్లెల్లో పాము కరవగానే తాడుతో బిగించడం పాత అలవాటు. రక్తపింజర విషం కాటు పడ్డచోట కండను కుళ్ళబెడుతుంది. తాడు బిగిస్తే విషం అక్కడే నిలిచి అవయవం చచ్చిపోతుంది. హఠాత్తుగా విప్పితే విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. అందుకే మన దేశపు పాముకాటు చికిత్స మార్గదర్శకాలు తాడు కట్టడాన్ని నిషేధించాయి. కాటును కోయడం, నోటితో పీల్చడం కూడా తప్పే. ఉంగరాలు, గాజులు తీసి, అవయవాన్ని కదలకుండా బద్ద కట్టి, రోగికి ధైర్యం చెప్పి, విషవిరుగుడు సూది దొరికే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అప్పటికే ఎవరైనా తాడు కట్టి ఉంటే దాన్ని వైద్యుని ఎదుటే విప్పించండి.

కేసు అవుతుందన్న భయంతో రోడ్డు మీద పడినవారిని వదిలి వెళ్ళే రోజులు పోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం క్షతగాత్రులకు సదుద్దేశంతో సాయపడిన వారికి రక్షణ కల్పించింది.

ఈ ప్రాంతానికి వైద్య సేవ కొత్త కాదు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిని క్రైస్తవ మిషనరీలు నెలకొల్పారు. పాలమూరు నుండో, పట్నం నుండో డాక్టరు రావాలని ఎదురుచూడని రోజుల్లో అన్ని మతాలవారూ అక్కడే వైద్యం చేయించుకున్నారు. అక్కడ వైద్యుడిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి కట్టించారు. గాయపడినవాడి మతం, పార్టీ, వర్గం అడగకపోవడమే వైద్యుని ధర్మం. కట్టు కట్టే చేతికీ అదే ధర్మం.

చివరి రోజులు

జహ్రావీ వృద్ధాప్యంలో అందలుస్ అంతర్యుద్ధంలో చిక్కుకుంది. 1009లో మొదలైన కల్లోలంలో ఆయన పుట్టిన మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై నేలమట్టమైంది. ముస్లింలు ముస్లింల నెత్తురే చిందించిన రోజులవి. జీవితమంతా నెత్తురు ఆపడానికి పాటుపడిన ఆ వైద్యుడు సుమారు 1013లో, హిజ్రీ 404 ప్రాంతంలో కన్నుమూశారు.

పాలరాతి రాజనగరం డెబ్బై ఐదేళ్ళు కూడా నిలవలేదు. ఆయన పుస్తకం మాత్రం వెయ్యేళ్ళు నిలిచింది. ప్రయోజనకరమైన విద్య మనిషి మరణించాక కూడా అతని కర్మల పత్రంలో పుణ్యంగా చేరుతూనే ఉంటుందని మన విశ్వాసం. ఆ విద్యలో ఒక చిన్న ముక్కను మన పిల్లలకు, గనుల్లో పనిచేసే మన యువకులకు, ఖుర్బానీ కత్తి పట్టే మన సోదరులకు నేర్పుదాం. ఆపద వేళ వణకకుండా ఒక ప్రాణాన్ని నిలబెట్టే తెలివిని, ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.